ఆవిరి వడగట్టిన యెండ

సౌరఫలకము వెనుక అంటించిన చీటిపై ఒక సంఖ్య ముద్రింపబడి యుండును. నూరు వాట్లనియో నాలుగు వందల యేబది వాట్లనియో యుండు ఆ సంఖ్యను చూచియే అమ్మువాడు వెల చెప్పును, కొనువాడు బేరమాడును, బ్యాంకువారు ఋణము మంజూరు చేయుదురు. కాని ఆ సంఖ్య యే యెండకు, ఏ వేడిమికి, ఏ గాలికి సంబంధించినదో విచారించువారు అరుదు. చదరపు మీటరుపై 1000 వాట్ల వెలుగు పడుచుండగా, ఫలకములోని ఘటము 25 డిగ్రీల సెల్సియసు వద్ద నిలిచి యుండగా, ఆ వెలుగు వాయుమండలమును నిట్టనిలువు దారికి ఒకటిన్నర రెట్ల దారిలో దాటి వచ్చిన యెండను పోలియుండగా, కర్మాగారమున ఒక దీపమును క్షణకాలము వెలిగించి కొలిచిన సంఖ్య యది. విజయవాడకు దిగువను, కృష్ణ యెడమ గట్టున, లంకభూముల నానుకొని యున్న తోట్లవల్లూరులో ఈ మూడు నియమములును ఒక్కసారిగా కుదిరిన గడియ సంవత్సరము పొడుగునను దొరకదు.

ఏలయన, అంతటి యెండ కాయునపుడు ఘటము తన చుట్టునున్న గాలికంటె దాదాపు ముప్పది డిగ్రీలు అధికముగా వేడెక్కును. కావున ఘటము 25 డిగ్రీల వద్ద నుండవలెనన్న బయటి గాలి నీరు గడ్డకట్టు చలికంటెను చల్లగా నుండవలెను. ఇక సూర్యుని సంగతి చూతము. తోట్లవల్లూరు రమారమి 16.3 డిగ్రీల ఉత్తర అక్షాంశముపై నున్నది. మే 5, 6 తేదీల ప్రాంతమునను, మరల ఆగస్టు 7, 8 తేదీల ప్రాంతమునను సూర్యుడు మధ్యాహ్నవేళ అచ్చముగా నడినెత్తిని నిలుచును. అప్పుడు వెలుగు దాటవలసిన వాయుమండలపు మందము ఒక్క రెట్టు మాత్రమే. దక్షిణాయనాంతమున, డిసెంబరు 21 ప్రాంతమున, సూర్యుడు దక్షిణమునకు ఒరిగి యుండిన నాడు సైతము మధ్యాహ్నపు వాలు నలువది డిగ్రీల లోపుననే యుండును గనుక ఆ మందము 1.3 రెట్లు మించదు. చీటి చెప్పిన ఒకటిన్నర రెట్ల వెలుగు మన యూరి మధ్యాహ్నములందు ఎన్నడును రాదు. అది ప్రొద్దుటి వేళను, ప్రొద్దువాలు వేళను తొంగిచూచి పోవును.

ఇంత చెప్పుట ఆ చీటిని నిందించుటకు కాదు. దేశదేశముల కర్మాగారములలో తయారగు ఫలకములను ఒకదానితో నొకటి పోల్చుటకు సామాన్య ప్రమాణమొకటి కావలసినదే. కాని రైతునకును గృహస్థునకును విద్యుత్సంస్థకును తుదకు అక్కరపడునవి యూనిట్లు. చీటిమీది వాట్లనుండి యేడాది యూనిట్లకు గణితమార్గమున మనలను చేర్చు సాధనమునకే విద్యుత్ నమూనా యని పేరు. అందు నిలుపు సంఖ్యలను ఆ యూరి గాలినుండి, ఆ యూరి యెండనుండి తీసికొననిచో ఆ గణితమెంత సూక్ష్మమైనను నమ్మదగినది కాదని నా దృఢవిశ్వాసము. పలుచని పొరల ఫలకముల విషయమున నిది మరింత సత్యము.

పలుచని పొరల ఫలకమనగా నేమో ముందు తెలిసికొనవలెను. మన యిండ్ల కప్పులపై నేడు సాధారణముగా కనబడునవి స్ఫటిక సిలికాన్ ఫలకములు. వానిలోని సిలికాన్ బిళ్ళల మందము 150 మైక్రాన్లకు అటునిటుగా నుండును. కాడ్మియం టెల్యూరైడ్ వంటి పదార్థమైనచో వెలుగును మ్రింగుటకు రెండు మూడు మైక్రాన్ల పొర చాలును. ఆ పొరను గాజుపలకమీదనే ఆవిరి రూపమున పేర్చి, లేసరు కిరణముతో సన్నని పట్టీలుగా గీసి, ఆ పట్టీలను వరుసగా కలిపినచో ఫలకమగును. ఇట్టి ఫలకమొక్కదానిలో రెండు వందలకు పైగా ఘటములుండుట కలదు. 1972లో జర్మనీయందు బోనెట్, రాబెన్‌హోర్స్ట్ అను శాస్త్రజ్ఞులు కాడ్మియం టెల్యూరైడ్ పలుచని పొరలతో సుమారు నూటికి 6 పాళ్ళ సామర్థ్యము గల ఘటమును చేసిరి. 1976లో అమెరికాయందు కార్ల్‌సన్, రోన్‌స్కీ అనువారు స్ఫటికరూపము లేని సిలికాన్‌తో నూటికి 2.4 పాళ్ళు సాధించిరి.

ఈ కృషికి తెలుగుదేశము దూరముగా నుండలేదు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర శాఖయందు పలుచని పొరల ఘటములపై దీర్ఘకాలము పరిశోధన జరిగినది. అచటి ఆచార్యులు కె. టి. రామకృష్ణారెడ్డి గారును వారి సహచరులును వేడిచేసిన గాజుపై ద్రావణమును తుంపరగా చల్లి తగరపు సల్ఫైడు పొరలను పెంచి, వానితో నూటికి 1.3 పాళ్ళ సామర్థ్యము గల ఘటమును చేసి 2006లో ప్రకటించిరి. ఆ సంఖ్య చిన్నదని తోచవచ్చును. కాని తగరము, గంధకము అను చవుకయైన, విషము కాని మూలకములతో అంతవరకు నడచుట సామాన్యమైన పని కాదు. పలుచని పొరల వర్తకమున మాత్రము కాడ్మియం టెల్యూరైడ్‌దే పైచేయి. 2010లో ఆరంభమైన జాతీయ సౌరమిషన్ తొలి విడతలో స్వదేశీ ఫలకములనే వాడవలెనను నియమము స్ఫటిక సిలికాన్‌కు మాత్రమే వర్తించుటచేత పలుచని పొరల ఫలకములు విదేశములనుండి విరివిగా దిగుమతి యయ్యెను. ఇప్పుడు ఫస్ట్ సోలార్ సంస్థవారి కర్మాగారము మన పొరుగున చెన్నై సమీపముననే కలదు, ఏటికి 3.3 గిగావాట్ల ఫలకములను తయారుచేయగల ఆ కర్మాగారము 2024 జనవరిలో ప్రారంభమైనది.

ఇక నమూనా. 1949లో విలియం షాక్లీ వ్రాసిన డయోడు సమీకరణము దీనికి మూలము. ఐదు రాశులతో ఫలకపు నడతనంతయు చెప్పజూచు ఈ నమూనాకు ఏకడయోడు నమూనా యని పేరు. డెల్టావాసికి దీనిని బోధించుటకు పంటబోదెను మించిన యుపమానము నాకు తోచదు. తూమునుండి విడిచిన నీరే వెలుగువలన పుట్టిన కరెంటు. బోదెలోని నీటిమట్టమే వోల్టేజి. మట్టము పెరిగినకొలది గట్టుమీది అలుగు పొర్లి నీరు పోవును. మట్టము అంగుళము పెరిగిన పొర్లుట కొన్ని రెట్లు పెరుగును. డయోడు చేయు పని యిదియే, ఆ అలుగు స్వభావమును రెండు రాశులు చెప్పును. గట్టులోని ఎండ్రకాయల బొరియలనుండి సదా జారిపోవు నీరు నాలుగవ రాశి. దానికి షంటు నిరోధమను పేరు. గుర్రపుడెక్కయు తూటికాడయు అల్లుకొని పారుదలను నడ్డగించుట ఐదవది. అది సీరీస్ నిరోధము. మట్టమును మరీ దించినచో నీరు పుష్కలముగా పారును గాని మెరకచేని కెక్కదు. మరీ పెంచినచో అలుగుపాలగును. ఆ రెంటి నడుమ నొక మట్టమున మాత్రమే చేనికి చేరిన నీటిచేత గరిష్ఠమైన ప్రయోజనము కలుగును. ఆ మట్టమును క్షణక్షణము వెదకి పట్టుకొను యంత్రమే ఇన్వర్టరు.

ఈ యైదు రాశులును స్థిరమైనవి కావు. వెలుగు మారిన మొదటిది మారును, వేడి మారిన అలుగు మారును. తయారీదారు చీటిపై నిచ్చిన నాలుగైదు సంఖ్యలనుండియే ఐదు రాశులను రాబట్టి, అవి వెలుగుతోను వేడితోను ఎట్లు మారునో లెక్కకట్టు పద్ధతిని అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమునకు చెందిన డిసోటో, క్లైన్, బెక్‌మన్ అనువారు 2006లో ప్రకటించిరి. స్ఫటిక సిలికాన్‌కు అది చక్కగా నప్పినది. పలుచని పొరలకు వచ్చుసరికి చిక్కులు పుట్టినవి.

అందు మొదటి చిక్కు ఈ విధమైనది. స్ఫటికరూపము లేని సిలికాన్ ఘటములందు వెలుగువలన విడివడిన ఋణ, ధన ఆవేశములు మధ్యపొరను దాటకమునుపే మరల కలిసిపోవుచుండును. వెలుగు హెచ్చినకొలది ఈ నష్టమును హెచ్చును. అనగా బోదెలో నీరు పెరిగినపుడు బొరియలును తామై పెరుగుచున్నవన్న మాట. స్థిరమైన షంటు నిరోధముతో దీనిని చెప్పుట యసాధ్యము. 1998లో మెర్టెన్ అను పరిశోధకుడును ఆయన సహచరులును మూల సమీకరణమునకు ఈ పునస్సంయోగమును తెలుపు మరియొక పదమును చేర్చిరి. నాటినుండి పలుచని పొరల లెక్కలు గాడిన పడినవి. రెండవ చిక్కు కాలమునకు సంబంధించినది. 1977లో స్టేబ్లర్, రోన్‌స్కీ అనువారు గుర్తించినట్లు, స్ఫటికరూపము లేని సిలికాన్ ఎండకు వెలువడిన తొలి నెలలలో తన సామర్థ్యమును కొంత కోల్పోవును. మరల తగిన వేడి తగిలిన అందు కొంత కోలుకొనును. వేసవిలో బాగుపడి శీతకాలమున తగ్గు ఫలకమును చూచి దానిలో లోపమున్నదని తలచుట పొరపాటు. అది నిన్నటి యెండను, మొన్నటి వేడిని జ్ఞాపకముంచుకొన్న పదార్థము; దానిని నేటి యెండతో మాత్రమే లెక్కింపరాదు.

వేడిమి విషయము సులభముగా తెలియును. మే నెల మధ్యాహ్నమున గాలి 42 డిగ్రీలు, యెండ చదరపు మీటరుకు 900 వాట్లు ననుకొందము. సాధారణ సూత్రము ననుసరించి ఘటము 70 డిగ్రీలకు చేరును. ప్రమాణముకంటె 45 డిగ్రీలు అధికము. డిగ్రీకి నూటికి 0.40 పాలు నష్టపోవు స్ఫటిక సిలికాన్ ఫలకము ఆ వేడిలో 18 పాళ్ళు కోల్పోవును, డిగ్రీకి 0.28 పాలు నష్టపోవు కాడ్మియం టెల్యూరైడ్ 13 పాళ్ళకు లోపుగానే కోల్పోవును. నూరు వాట్ల చీటి గల రెండు ఫలకములలో ఒకటి అప్పుడు 74 వాట్లిచ్చును, రెండవది 79 వాట్ల కొంచెము లోపుగా నిచ్చును. ఈ తేడాకు మూలము పదార్థములోని శక్త్యంతరము: సిలికాన్‌కది 1.12 ఎలక్ట్రాన్ వోల్టులు, కాడ్మియం టెల్యూరైడ్‌కు 1.45కు పైన. అంతరమెంత హెచ్చైన, వేడికి అలుగు దిగుట అంత తక్కువ ప్రభావము చూపును. క్రొత్తగా వచ్చు సిలికాన్ ఫలకములలో ఈ నష్టము తగ్గినదన్న మాటయు చెప్పవలెను. కావున వేడిమి నొక్కదానినే ఆధారము చేసికొని పలుచని పొరలను పొగడుట నేడు తగదు.

డెల్టాకు ప్రత్యేకమైన విశేషము వేరొకటి కలదు, అది గాలిలోని తేమ. మన ప్రాంతమున వేసవియందును వానకాలమునందును చెమట ఆరక దేహమును క్రుంగదీయు ఆ యుక్కపోత వెలుగుమీద నెట్లు పనిచేయునో కనుగొనుట ఈ శాస్త్రమున నాకు మిక్కిలి ఇష్టమైన ఘట్టము. ఎండలో కంటికి కనబడు వెలుగు కొంత, కనబడని పరారుణ వెలుగు కొంత కలదు. నీటియావిరి కనబడు వెలుగును చాలవరకు వదలివేసి పరారుణమును పట్టుకొనును. అందును 940 నానోమీటర్ల తరంగదైర్ఘ్యము చుట్టుపట్ల దాని పట్టు గట్టిది, 1130 వద్దను, అంతకు పైనను మరికొన్ని పట్లు కలవు. కాడ్మియం టెల్యూరైడ్ ఇంచుమించు 850 నానోమీటర్లు దాటిన వెలుగును వాడుకొనలేదు. సిలికాన్ 1100కు పైదాక వాడుకొనును. ఇప్పుడు, యెండను కొలుచు పైరనోమీటరు అన్ని తరంగములను కలిపి వాట్లలో లెక్కించును. ఆవిరి పరారుణమును తగ్గించినపుడు, పైరనోమీటరు చూపిన ప్రతి వాటులోను కాడ్మియం టెల్యూరైడ్‌కు పనికివచ్చు భాగము పెరుగును. ఆవిరి దోచుకొన్నది ఆ పదార్థమునకు మొదటినుండియు అక్కరలేని సొమ్మే. సిలికాన్‌కు మాత్రము, తాను వాడుకొను 940 ప్రాంతము పోవుటచేత నష్టమును, తాను వాడుకొనని దూరపు పరారుణము పోవుటచేత లాభమును కలిగి, రెండును చాలవరకు సరిపోవును. ఆవిరివలన క్రొత్త శక్తి పుట్టినదని దీని కర్థము కాదు. కొలిచిన యెండకు దక్కిన కరెంటు నిష్పత్తి మారినదని మాత్రమే యర్థము.

ఎంత ఆవిరి? నేలనుండి ఆకాశాంతము వరకు నొక నిలువు స్తంభములోని ఆవిరినంతయు నీరుగా మార్చి నేలపై నిలిపిన నెంత లోతు వచ్చునో అది దానికి కొలత. చీటి వెనుకనున్న ప్రామాణిక వర్ణపటమున ఈ లోతు 1.42 సెంటీమీటర్లు. నైరృతి ఋతుపవనములు వీచునపుడు కోస్తాంధ్రముపై నది 5 సెంటీమీటర్లు దాటుట సామాన్యము. 2016లో ఫస్ట్ సోలార్‌కు చెందిన మిచెల్ లీ, అలెక్స్ పంచులా అనువారు వాయుమండలపు మందము, ఆవిరి లోతు అను రెండు సంఖ్యలతోనే ఈ వర్ణపట సవరణను లెక్కించు సూత్రమును ప్రకటించిరి. ఆ సవరణ నూటికి కొన్ని పాళ్ళను మించకపోవచ్చును. అయినను ఏండ్ల తరబడి నడచు విద్యుత్కేంద్రమున ఆ కొన్ని పాళ్ళే లాభనష్టములను నిర్ణయించును. మన భాగ్యమేమనగా, ఆ లోతును మనము ఊహింప నక్కరలేదు. మచిలీపట్టణమునందలి భారత వాతావరణ శాఖ కేంద్రమునుండి రేడియోసాండు కట్టిన బెలూనులను ఆకాశమున కెగురవేయుదురు. అవి పైకి పోవుచు పొర పొరకును తేమను, వేడిని తెలుపును. తుపానుల జాడ కనుగొనుటకై కొలిచిన ఆ సంఖ్యలే సౌరగణకునకును అమూల్యములు. ఉమ్మడి కర్నూలు జిల్లాలోని గని, శకునాల గ్రామముల వద్ద 1000 మెగావాట్ల సౌరపార్కు వెలసిన పొడినేలకు సరిపడిన నమూనాను తెచ్చి దివిసీమకు తగిలించుట ఎందుకు తప్పో దీనివలన విశదమగును.

తేమ చేసిన మేలును పొగ కొంత చెరుపును. వరికోతల పిమ్మట దుబ్బులు కాల్చిన పొగ నీలివెలుగును చెదరగొట్టును. నీలివెలుగు పాలు తగ్గినచో పలుచని పొరలకు నష్టమే. మబ్బుల దినములలో మరల నీలిభాగము హెచ్చును గాని మొత్తము వెలుగే తక్కువ. ఒక్క సవరణతో ఋతువులన్నిటిని సరిపుచ్చుట పొసగదు.

ఇందుచేతనే అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘమువారు 61853 అను ప్రమాణమును రచించిరి. 2011లో వెలువడిన దాని మొదటి భాగము ప్రకారము ఫలకమును ఒక్క స్థితిలో కాక 100 వాట్లనుండి 1100 వాట్ల వరకు పలు వెలుగులందును, 15 డిగ్రీలనుండి 75 డిగ్రీల వరకు పలు వేడిమిలందును కొలువవలెను. 2018లో వెలువడిన భాగములు ఆ కొలతలను శీతోష్ణస్థితులకు జోడించి యేడాది శక్తిని లెక్కించు విధమును చెప్పినవి. ఉష్ణమండలపు తేమదేశము అందొక తరగతిగా పేర్కొనబడినది. పలుచని పొరల ఫలకము కొనువారెవరైనను అమ్మువాని నడుగవలసినది ఈ పట్టికను. నా మాట విని చీటిని పక్కకు పెట్టి పట్టికను అడిగినవారు నష్టపడరు.

తోటలలో ఫలకములు నిలుపువారికి నీడ మరియొక సమస్య. సెంటీమీటరు వెడల్పైనను ఉండని పొడుగాటి పట్టీలుగా ఘటములుండుటచేత, కొబ్బరిమట్ట నీడ పట్టీలకు అడ్డముగా పడినచో అన్ని ఘటములును సమానముగా కొంత తగ్గును. నష్టము నీడ మేరకే యుండును. అదే నీడ పట్టీ పొడుగునను పడి దానిని పూర్తిగా కప్పినచో, ఆ యొక్క ఘటమే వరుసనంతటిని బంధించును. అరటితోట ప్రక్కను ఫలకమును నిలువున పెట్టుటయా, అడ్డముగా పెట్టుటయా యను ప్రశ్నకు సమాధానము ఆ గీతల దిశలో నున్నది. నమూనా వ్రాయువాడును ఫలకమునంతటిని ఒక్క ఘటముగా భావింపక పట్టీ పట్టీకిని సమీకరణము వ్రాయవలెను. నాగాయలంక, హంసలదీవి దిక్కున సముద్రపు తేమ చేరునపుడు వేరొక బాధ కలదు: గాజులోని సోడియము ఋణవోల్టేజి లాగుడుకు కదలి, తేమతో కలిసి, గాజు లోపలి వాహకపు పొరను తినివేయును. అంచులను గట్టిగా మూసి, ఋణధ్రువమును భూమికి కలిపి దీనిని నివారింతురు. అట్లు చేయనిచోట సీరీస్ నిరోధము ఏటేట పెరుగునని నమూనాలో వ్రాసికొనవలసినదే.

ఈ సవరణలన్నియు చేర్చి సంవత్సరమునందలి 8760 గంటలకును ఒక్కొక్క గంటకు లెక్కవేసి కూడినచో యేడాది రాబడి వచ్చును. కోస్తాలో దినమునకు చదరపు మీటరుకు సగటున 5 యూనిట్ల యెండ కాయుననుకొని స్థూలముగా చూచినను, ఒక కిలోవాటు ఫలకము ఏటికి పదునాలుగు, పదునైదు వందల యూనిట్లిచ్చునని తేలును. నమూనా పని అంతటితో ముగియదు. ఫలకమును బిగించిన పిమ్మట నెలనెలా మీటరు చూపిన యూనిట్లను లెక్క చెప్పిన యూనిట్లతో పోల్చవలెను. లోటు మే నెల మధ్యాహ్నములందే కనబడినచో వేడిమి లెక్క తప్పినదనియో, తీగలును వాహకపు పొరయు నడ్డుపడుచున్నవనియో యనుమానింపవచ్చును. వానకాలపు మసక యుదయములందు మాత్రమే కనబడినచో బొరియలు పెరిగినవని, అనగా షంటు నిరోధము తగ్గినదని తలపవలెను. వానలు వెలసిన నాటినుండి క్రమముగా పెరిగి, తొలకరితో మాయమైనచో అది దుమ్ము. తడిగుడ్డతో తుడిచిన తీరును. ఏ ఋతువునందును వదలక ఏటేట కొంచెము కొంచెముగా పెరుగుచున్నచో అప్పుడు మాత్రమే ఫలకమే అరుగుచున్నదని నిశ్చయించి, తయారీదారు ఇచ్చిన పూచీపత్రమును బయటికి తీయవలెను.